రెండు హారన్లు

మధ్యాహ్నం పన్నెండు దాటితే చీమకు కాలు ఒకచోట నిలిచేది కాదు. పదిహేనేళ్ళొచ్చినా పీలగా ఉంటుందని వాడంతా కలిసి పెట్టిన పేరది. సిమెంటు కొట్టు మలుపులో గోడ ఎక్కేది, దిగేది, మళ్ళీ ఎక్కేది. నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ మరి.

ఆ వాడ పిల్లలకు ఒక ఆట ఉంది, పేరు మూత కొట్టడం. మలుపులో ట్యాంకరు నెమ్మదించగానే వెనక నిచ్చెన పట్టుకుని పైకి పాకాలి. పైనున్న ఇనప మూత మీద ముందు ఎవరి చెయ్యి పడితే వాళ్ళ సందు గొట్టమే ముందు లోపలికి దిగుతుంది. మిగతావాళ్ళకు అడుగు నీళ్ళే గతి. రోజూ వచ్చే డ్రైవరు బాబాయ్ మలుపులో రెండు హారన్లు కొట్టి బండిని నడక వేగానికి తెచ్చేవాడు. రెండు కొట్టాడంటే ఎక్కండర్రా అని. ఆ గుట్టు పెద్దవాళ్ళెవరికీ తెలియదు.

నిన్న సాయంత్రం కుట్టుపని నుంచి వచ్చిన అమ్మ సగం బిందె చూసి, "పక్క సందు పిల్లల చురుకులో పావు వంతు మనింట్లో ఉంటే ఈపాటికి నా స్నానం అయ్యేది" అంది. అలసటకొద్దీ అన్న మాట. పదకొండేళ్ళ తమ్ముడు దాన్ని మనసులో పెట్టుకున్నాడు. వాణ్ణి అందరూ గుండు అంటారు.

"ఇవాళ మూత నేను కొడతా," అన్నాడు, గొట్టం చుట్ట భుజానికి తగిలించుకుని.

"ముందు నిక్కరు జారకుండా చూసుకో. నేనెక్కుతా, నువ్వు గొట్టం అందివ్వు చాలు."

"పేరంతా నీకే రావాలా అక్కా?"

గోడ మీద కూర్చున్న పక్క సందు పొడుగోడు పకపకా నవ్వాడు. "ఎక్కనియ్యవే చీమా! ఆ గుండు తగిల్తే మూత దానంతటదే మోగుద్ది."

ట్యాంకరు వచ్చింది. రెండు హారన్లు మోగాయి.

చీమ ఒక్క దూకుతో నిచ్చెన అందుకుంది. కాలు మెట్టు మీద పడ్డాక గాని ఏదో తేడా తెలియలేదు. బండి నెమ్మదించలేదు సరికదా, చెయ్యి ఊడిపోయేలా లాగుతోంది. పక్కకు వంగి చూస్తే కిటికీలోంచి బయటికొచ్చిన మోచెయ్యి బాబాయ్‌ది కాదు, సన్నగా ఉంది. కొత్త మనిషి! ఎక్కమని కాదు, అడ్డు తప్పుకోమని కొట్టాడు.

వెనక గుండు పరిగెత్తుకొస్తున్నాడు. భుజం మీది గొట్టం జారి, దాని కొస చక్రం వైపు పాకుతోంది. మూత ఇంకా నాలుగు మెట్ల పైన.

చీమ వదిలేసి దూకింది. తమ్ముణ్ణి కావలించుకుని కంకర కుప్పలో పడింది. చక్రం గొట్టం కొసను నలిపి ముందుకు పోయింది. బండిని అందుకోలేని పొడుగోడు రోడ్డు మధ్య రొప్పుతూ నిలబడ్డాడు.

"నాలుగు మెట్లేగా అక్కా! నువ్వెందుకు దూకావ్? పిరికిదానా!" గుండు ఏడుపు గొంతుతో అరిచాడు.

చీమ మోకాలి నుంచి నెత్తురు కారుతుంటే కుంటుకుంటూ ట్యాంకరు ఆగిన చోటికి వెళ్ళింది. పిల్లలంతా వెంట వచ్చారు. కొత్త డ్రైవరు కిందికి దిగుతున్నాడు.

"అన్నా, రేపు కూడా నువ్వేనా వచ్చేది?"

"నేనే. పెద్దాయనకు నడుం పట్టేసింది. ఏంటి ఆ రక్తం?"

చీమ మలుపులోని గోడ వంక చూసింది. చెబితే ఆ గోడ మీద తనకిక చోటుండదు. వెనకనుంచి పొడుగోడు మెల్లగా, "చెప్పకే" అన్నాడు.

"మలుపులో రెండు హారన్లు కొట్టకన్నా. రెండు కొడితే మేం ఎక్కుతాం."

డ్రైవరు మొహం పాలిపోయింది. నిచ్చెన వంక, పిల్లల వంక, కంకర దుమ్ములో మునిగిన గుండు వంక చూశాడు. "నేను... మీరు తప్పుకుంటారని కొట్టానమ్మా" అన్నాడు. మెట్టు మీదే కూలబడ్డాడు.

"చెప్పేసింది!" అన్నారెవరో. ఒక్కొక్కరే పక్కకు జరిగారు.

దొరికిన నీళ్ళు పట్టుకుని ఇంటికి వెళ్ళేటప్పుడు గుండు బిందె రెండో వైపు పట్టలేదు. "ఇక నాతో మాట్లాడకు" అని విసవిసా ముందు నడిచాడు. చీమ బిందె చంకనెత్తుకుని కుంటుతూ వెనక నడిచింది. కాళ్ళింకా ఆ మలుపుకే లాగుతున్నాయి. తిట్టుకుంటూ, రాళ్ళు తన్నుకుంటూ, ఒంటిమీద గీత పడకుండా పోతున్న తమ్ముడి మీంచి మాత్రం ఆమె చూపు తిప్పలేదు.