గొర్రెలకు వచ్చిన రిపోర్టు

ఆ తెల్ల జీపు మళ్లీ వచ్చి మా సబ్‌సెంటర్ ముందు ఆగేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అందులోంచి శశికుమార్ దిగాడు. గొర్రెల నుంచి మనుషులకు అంటుకునే జబ్బుల మీద ఏదో పెద్ద పరిశోధన సంస్థలో పనిచేసే కుర్రాడు. పోయినేడు వచ్చినప్పటి ఐసు పెట్టే చేతిలో ఉంది, అప్పటి నవ్వే మొహంలో ఉంది.

“బాగున్నారా వనజాక్షి గారూ? రెండో విడత రక్తం శాంపిల్స్ తీసుకోవాలండీ. మీరొక మాట చెబితే జనం వస్తారు,” అన్నాడు.

ఒక మాటట! పోయినేడు నేను చెప్పిన మాటకే ఈ ముదిగుబ్బ చుట్టుపక్కల గొర్రెల కాపరులందరూ చేతులు చాచారు. నేను ఈ ఊరి నర్సును, ఈ ఊరి ఆడబిడ్డను. నెత్తురు తీస్తే బలం పోతుందని గొణిగినవాళ్లను కసిరి మరీ కూర్చోబెట్టాను. రిపోర్టు వస్తుంది, ఏదైనా ఉంటే మందు ఇప్పిస్తారు అని చెప్పాను. అలా చెప్పమన్నది ఈ మహానుభావుడే.

అప్పుడే గొర్రెలకూ నెత్తురు తీసి, చెవులకు నంబరు బిళ్లలు కొట్టిపోయారు. గొర్రెల రిపోర్టు వచ్చింది. అబద్ధమెందుకు, చక్కగా వచ్చింది. వానలకు ముందే పశువుల డాక్టరు వచ్చి, చెవిబిళ్లల మీది నంబర్లు చూసుకుంటూ కుళ్ళాయప్ప మామ మందలోంచి కొన్నింటిని విడిగా తోలించాడు. వీటికి ఈసుకుపోయే రోగం ఉంది, కడుపులో పిల్ల నిలవదు, వేరే రొప్పం కట్టి ఆ దొడ్డిలో పెట్టండి అని చెప్పి పోయాడు. మనుషుల రిపోర్టు మాత్రం ఇంతవరకు అతీగతీ లేదు. ఫోన్ చేస్తే “ప్రాసెస్‌లో ఉందండీ” అంటాడు, లేదా అసలు ఎత్తడు.

ఈలోగా కుళ్ళాయప్ప మామ మంచం పట్టాడు.

మామ సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి తీయకపోతే దాని ముక్కుకు నోరు పెట్టి, జిగురంతా పీల్చి ఉమ్మేసి, లోపలికి గాలి ఊదుతాడు. చచ్చిందనుకున్న పిల్ల కాళ్లు తన్నుకుంటూ లేస్తుంది. ఎవరి గొర్రెకు ఈత కష్టమైనా మామనే పిలుచుకుపోతారు. నేను గ్లౌజులు తెచ్చిస్తే, “అది ఏస్కుంటే పిల్ల జారతాదమ్మే,” అని నవ్వి చూరులో దోపేశాడు.

సాయంత్రమైతే జ్వరం, ఒళ్లంతా చెమట, నడుము నొప్పి. డాక్టరు దగ్గరికి పోదామంటే వినలేదు. గొర్రెకు వేయగా సీసాలో మిగిలిన మందు ఉంటుంది కదా, దాన్నే సూదితో తన తొడకు పొడుచుకున్నాడు. “గొర్రెకు తగ్గె. నాకు తగ్గదా?” అన్నాడు తర్వాత అడిగితే. తగ్గింది కూడా, అదీ మా ఖర్మ! అది టెట్రాసైక్లిన్ జాతి మందు. ఆ ఈసుకుపోయే రోగం క్రిమి మీద పనిచేసేదే; ఈత జిగురులోంచి మనిషికి అంటేదీ ఆ క్రిమే. కానీ ఇంకో మందు కలిపి వారాల తరబడి వాడాలి. అరకొరగా పడితే జ్వరం అణుగుతుంది, క్రిమి మాత్రం ఎముకల్లో చేరి కూర్చుంటుంది. జ్వరం వచ్చినప్పుడల్లా మామ సూది పొడుచుకున్నాడు, నడుము లేవనప్పుడు గానీ ఆ సూది సంగతి నాతో చెప్పలేదు.

ముదిగుబ్బలో టైఫాయిడ్ అన్నారు. అనంతపురంలో ఒకరు వెన్ను అరిగిందన్నారు, ఇంకొకరు టీబీ ఏమో అన్నారు. నేను గొర్రెల సంగతి చెప్పాక ఒక డాక్టరమ్మ మాత్రం ఆగి విన్నది. “ఆ జబ్బు పరీక్ష ఇక్కడ లేదమ్మా. మీ ఊళ్లో రక్తం తీశారన్నావుగా, ఆ రిపోర్టు పట్టుకురా, ఈరోజే మందు మొదలుపెడతాను. ఆలస్యమైతే ఇక నడవలేడు,” అన్నది.

ఆ రిపోర్టు ఈ నవ్వుమొహం దగ్గరుంది.

“శాంపిళ్లు తర్వాత. ముందు కుళ్ళాయప్ప రిపోర్టు యాడ?” అన్నాను.

“మాది సర్వే అండీ. ఎంతమందిలో ఉందో చూస్తాం, అంతే. పేర్లుండవు, కోడ్‌లుంటాయి. మీ గోప్యత కోసమే. కానీ మీ ఊరి పరిశోధన విదేశీ పత్రికలో వచ్చిందండీ! ఇదిగో.” సెల్‌ఫోన్ నా ముందు పెట్టాడు.

అందులో మామ ఫొటో! గొర్రెపిల్ల ముక్కుకు నోరు పెట్టి ఊదుతున్నాడు. కళ్ల మీద అడ్డంగా నల్లపట్టీ.

వీళ్ల దుంప తెగ! అతని చొక్కా చెయ్యి పట్టుకుని బరబరా మామ ఇంటికి లాక్కుపోయాను. ఐసు పెట్టెతో సహా వచ్చాడు.

మామ పందిట్లో మంచం మీద ఉన్నాడు. పెళ్లాం నల్లమ్మ అతని నడుముకు కాపడం పెడుతోంది. ఫొటో చూపిస్తే మామ మొహం వెలిగింది. “ఇది మా కర్రిగొర్రె పిల్ల గదా! బతికె ఇది. నా కండ్లకు ఈ పట్టీ ఏందప్పా, గుడ్డోని మాదిరి?”

“మీరెవరో ఎవరికీ తెలియకూడదని, పెద్దాయనా.”

“ఎవురికి తెలీగూడదు? మామకేనా?” అని అరిచాను. ఐసు పెట్టె లాక్కుని దాని మీద కూర్చున్నాను. “ఇప్పుడే ఫోన్ చెయ్, మీ పెద్దసారుకు. రిపోర్టు చెప్పేదాకా ఈ పెట్టె కదలదు, ఈ ఊర్లో ఒగడు గూడా చెయ్యి సాపడు!”

చేశాడు. స్పీకర్లో ఆ పెద్దసారు కమిటీ అన్నాడు, అనుమతి అన్నాడు, నియమం అన్నాడు. “మీ నియమం పాడుగాను! ఈడ మనిషి కాళ్లు పోతాండాయి. మీకు సిగ్గుండాదా? కండ్లు మూసి ఫొటో ఏసుకున్నారే, దానికి యా కమిటీ ఇచ్చె అనుమతి?” అని నేను వేసిన కేకకు నల్లమ్మత్త కూడా ఉలిక్కిపడింది. చివరికి పెద్దసారు, పేర్లూ కోడ్‌లూ ఉన్న జాబితా తెరిచి మామది చూడమన్నాడు.

శశికుమార్ ఫోన్‌లో వెతికాడు. నవ్వు పోయింది. “పాజిటివ్ అండీ. చాలా ఎక్కువగా ఉంది.”

“ఎప్పుడు తెలిసె మీకు?”

శశికుమార్ ఫోన్ జేబులో పెట్టుకోబోయాడు.

“ఎప్పుడు తెలిసె అంటే!”

“గొర్రెల రిపోర్టుతో పాటే, అండీ.”

నల్లమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నాకైతే వాణ్ణి అక్కడే చెప్పుతో కొట్టాలనిపించింది. కొట్టలేదు, మామను మోయడానికి వాడి చేతులు కావాలి. ఐసు పెట్టెను కాలితో పక్కకు తన్ని, “జీపు తీ, అనంతపురానికి,” అన్నాను.

ఇద్దరం చెరోవైపు పట్టుకుని లేపాం. మామ కాళ్లు నేలమీద ఈడ్చుకుంటూ వచ్చాయి. విడిగా కట్టిన రొప్పం దాటుతుంటే మామ ఆగమన్నాడు. లోపల బిళ్లలు వేసిన గొర్రెలు తీరిగ్గా నెమరేస్తున్నాయి. మామ వాటిని చూశాడు. తర్వాత శశికుమార్ భుజం మీది చెయ్యి తీసి, తన చెవి తమ్మెను పట్టుకున్నాడు.

“ఈడ నాకు గూడా ఒగ బిళ్ల కొట్టింటే సరిపోతాండె గదప్పా,” అన్నాడు.