సర్కారు ముద్ర

కూతురు షైనీ ఇంటర్ పాసయ్యేదాకా వరదయ్యకు బుర్ర బాగానే పనిచేసేది. ఉదయగిరి కొండ కింద ఆ పల్లెలో పదిమందికి సలహా చెప్పే మనిషి, బాప్టిస్టు చర్చికి సంఘపెద్ద. తొంభై ఆరు జూన్‌లో కూతురి మార్కుల లిస్టు చేతికొచ్చింది. ఆ రోజు నుంచి ఆయనకు దిక్కు తోచలేదు.

షైనీని టీచరు చెయ్యాలి. అంతవరకు చిక్కు లేదు. టీచర్ ట్రైనింగ్ ఇంటర్ తర్వాతట. బి.ఎడ్. డిగ్రీ తర్వాతట. రెండూ టీచరు ఉద్యోగానికేనట. ఒకే ఊరికి రెండు దోవలెందుకు, ఏ దోవ పొడుగు, ఏది పొట్టి? కలిగిరిలో ఒకాయన ఒకటి చెప్పాడు, మర్రిపాడులో ఇంకొకాయన దానికి అడ్డంగా చెప్పాడు. వరదయ్య ఇద్దరికీ తలూపి వచ్చాడు.

అలాంటి సమయంలో ఆత్మకూరు బస్టాండు ఎదురు మేడ మీద గదిలో రామనారాయణ దొరికాడు. సీట్లు ఇప్పించడం అతని పని. మనిషి ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

“డిగ్రీ, బి.ఎడ్. రెండూ కలిపి రెండేళ్ళే అన్నా. హైదరాబాదు అవతల కాలేజీ. పరీక్ష రాసే పని గూడా లేదు. పన్నెండు వేలు, సోమవారం లోపల కట్టాల.”

“గుర్తింపు ఉండాదా?” అన్నాడు వరదయ్య. ఆ ఒక్క మాట అడగాలని ఎవరో చెప్పి పంపారు. గుర్తింపంటే ఏమిటో మాత్రం చెప్పలేదు.

రామనారాయణ ఫైలు తెరిచి ఒక కాయితం ముందు పెట్టాడు. పైన సర్కారు ముద్ర, కింద గుండ్రటి సీలు. వరదయ్య గుండె కుదుటపడింది. ఆ కాయితం ఆయనకు కొత్త కాదు. అచ్చం అలాంటిదాని కోసమే నాలుగేళ్ళ కిందట మూడుసార్లు నెల్లూరు తిరిగాడు. తెచ్చి, ఫ్రేము కట్టించి, చర్చిలో ప్రసంగవేదిక వెనక గోడకు తగిలించాడు. చర్చికున్న కాయితమే కాలేజీకీ ఉంటే ఇంక అనుమానమేముంది? తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని కాలేజీ పుస్తకం తిరగేస్తున్న షైనీ వైపు గర్వంగా చూశాడు. జెరాక్సు కాపీలు, ఆ పుస్తకం అడిగి తీసుకున్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా ఆ కాపీని గోడ మీది ఫ్రేము పక్కన పెట్టి చూసింది. సంతకం చేసే చోటు, సీలు పడే చోటు, అన్నీ ఒకటే. “దేవుడు చూపించిన దారి” అని తేల్చేశారు. ఆయన భార్య లిదియమ్మ కూతురి తలకు నూనె రాస్తూ ఏడ్చింది. ఫీజు కోసం పాడి గేదె అదే సాయంత్రం దూడతో సహా అమ్ముడుపోయింది. షైనీ ఏమనుకుంటోందో ఎవరికీ తెలియదు, ఎవరూ కనుక్కోలేదు.

సోమవారం పొద్దున్నే టీసీ కోసం తండ్రీకూతుళ్ళు ఉదయగిరిలో షైనీ చదివిన కాలేజీకి వెళ్ళారు. గుమాస్తా అబ్దుల్ సలాం ఎక్కడ చేరుతోందని అడిగాడు. వరదయ్య కాపీలు, కాలేజీ పుస్తకం అన్నీ ఆయన ముందు పరిచాడు.

సలాం కళ్ళజోడు పైకి తోసి చూశాడు. “ఇది సొసైటీ కాయితం గదా వరదన్నా. ఏడుమంది సంతకాలు పెట్టి ఫీజు కడితే ఎవురికైనా ఇస్తారు. మేమొక సంఘం పెట్టినాం అని చెప్పుకునేదానికి.”

“అట్టంటావేంది? మా చర్చికి గూడా ఇదే ఉండాది!”

“అయితే మీ చర్చి డిగ్రీ ఇస్తాదా?”

పక్క టేబుళ్ళ వాళ్ళు నవ్వారు. వరదయ్యకు మొహం చెల్లలేదు. సలాం మాత్రం నవ్వకుండా చెప్పుకొచ్చాడు. కాలేజీ చదువు చెబుతుందట, డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ అట. ఫలానా యూనివర్సిటీ కింద ఉన్నామని కాలేజీ చూపించాలట. బి.ఎడ్.కైతే ఆ పైన ఇంకొకరి అనుమతి కావాలట. వరదయ్యకు సగం ఎక్కింది, సగం జారిపోయింది. ఇన్నాళ్ళూ కుక్కతోక పట్టుకుని గోదారి ఈదుతున్నానని మాత్రం బాగా అర్థమైంది.

“ఈ పుస్తకంలో యూనివర్సిటీ పేరు యాడుండాదో చూడమ్మా” అన్నాడు సలాం.

“లేదు సార్” అంది షైనీ, పుస్తకం ముట్టుకోకుండానే. “చివరి పేజీలో సన్న అక్షరాల్లో ఉండాది. మా సర్టిఫికెట్లు గవర్నమెంటు ఉద్యోగాలకి పనికొస్తాయని మేం చెప్పటం లేదు అని.”

వరదయ్య కూతురి వైపు తిరిగాడు. “ఎప్పుడు చదివినావు?”

“ఆ మేడ మీదే.”

“మరి చెప్పలేదేందమ్మా?”

“అందరినీ అడిగినావు నాయనా. కలిగిరిలో అడిగినావు, మర్రిపాడులో అడిగినావు. ఇంగిలీసు చదివేది ఇంట్లో నేనొక్కదాన్నే. నన్ను మాత్రం అడగలా.”

అందులో కోపం లేదు. ఉంటే వరదయ్య తట్టుకునేవాడు. గేదె పోయినప్పుడు కలగని బాధ అప్పుడు కలిగింది. పదిమందికి సలహా చెప్పే తాను కూతురికి ఎంత ద్రోహం చెయ్యబోయాడో తెలిసొచ్చింది.

“ఇప్పుడడుగుతుండాను. ఏం చెయ్యాల?”

“ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో బి.ఏ. మూడేళ్ళు. తర్వాత పరీక్ష రాసి బి.ఎడ్. చెయ్యాల. బి.ఏ. అప్లికేషనుకి ఇయ్యాలే ఆఖరు.”

టీసీ తీసుకుని పదకొండు గంటల బస్సెక్కారు. దారిలో షైనీ ఏ చదువు తర్వాత ఏదో రెండుసార్లు చెప్పింది. ఆయనకు రెండుసార్లూ తికమకే అయింది. ఆత్మకూరు కాలేజీ కిటికీ దగ్గర వరస చాంతాడంత ఉంది. రెండున్నరకు వాళ్ళ వంతు వచ్చింది. లోపలి గుమాస్తా షైనీ నింపిన ఫారం చూసి, తండ్రి సంతకం పెట్టాల్సిన చోట వేలు పెట్టాడు.

వరదయ్య పెన్ను మూత తియ్యలేదు. ఫారం కూతురి చేతికిచ్చాడు.

“చదువమ్మా. మొదట్నించీ చదివి, తెలుగులో చెప్పు.”

షైనీ చదవసాగింది. వెనక నుంచి ఎవరో కసిరారు. “ఏందయ్యా, టైమైపోతుండాది, సంతకం గీకి పక్కకి రా!”

వరదయ్య కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. “ఇంకో పేజీ ఉండాది” అన్నాడు.