ఫోన్లు వెనక్కి తెచ్చుకోవడానికి వెళ్లి

చిలీ దేశపు చిలోయే దీవుల మధ్య తిరిగే పడవల కోసం మేం ముగ్గురం రెండేళ్లు కూర్చుని ఒక యాప్ రాశాం. ఏ పడవ ఎన్నింటికి బయల్దేరుతుంది, ఎన్ని చోట్లు ఖాళీగా ఉన్నాయి, అన్నీ అందులో కనిపించేవి. పద్దెనిమిది మంది పడవవాళ్లకి తలా ఒక ఫోన్ ఇచ్చాం. మూడో నెల తిరిగేసరికి దాన్ని తెరిచి చూసేది మేం ముగ్గురమే. మూసేశాం.

"దీవులవాళ్లకి ఇంకో పదేళ్లు పడుతుంది యాస్నా," అన్నాడు నాతో పనిచేసే నెల్సన్. నాకూ అలాగే అనిపించింది. ఫోన్లు వెనక్కి తెచ్చే పని నా మీద పడింది.

దల్కావే రేవులో పడవ నడిపే పెద్దాయన దోన్ ఎలీసెర్ తన ఫోన్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి భద్రంగా దాచి ఉంచాడు.

"ఒక్కసారైనా తెరిచారా?"

"తెరవకేం అమ్మాయ్. ఎనిమిదింటికి బయల్దేరమంది. అప్పటికి ఆటుకి నీళ్లు తగ్గి నా పడవ బురదలో కూర్చునుంది. ఎనిమిదైందని సముద్రానికి ఎవరు చెప్తారు?"

పడవలోవాళ్లు నవ్వారు. నా ముఖం మాడిపోయింది. అపియావ్ దీవిలో ఇంకో రెండు ఫోన్లున్నాయి కాబట్టి ఆ పడవే ఎక్కాను.

లోపల బల్లమీద ఒతీలియా అనే ముసలావిడ దుప్పట్లు చుట్టుకుని పడుకుంది. తుంటికి ఆపరేషన్ అయి ఇంటికి వెళ్తోంది. ఒంటిగంటకి, ఇళ్లకి కబుర్లు చదివే వేళకి, ఎలీసెర్ రేడియో గొంతు పెంచాడు. మాటలన్నీ ఆగిపోయాయి. ఒక ఆడగొంతు తొందర లేకుండా చదివింది: "అపియావ్‌లో మిల్లాల్దేయో వారింటికి. అమ్మ ఈరోజు ఎలీసెర్ పడవలో వస్తోంది. నడవలేదు." వెంటనే ఇంకో ఇంటి కబురు.

"ఏ ఒడ్డుకో చెప్పలేదేం?" అన్నాను.

"ఎందుకు చెప్పడం?" అన్నాడు ఎలీసెర్.

సగం దారిలో ఉత్తరపు గాలి లేచింది. వాన తెరలా దిగింది. ఫోన్‌కి సిగ్నల్ ఎప్పుడో పోయింది. ఎలీసెర్ అపియావ్ రేవుకి పోకుండా, దీవిని చుట్టి, గాలి తగలని వెనకవైపు గులకరాళ్ల ఒడ్డుకి పడవ తిప్పాడు. ఈ వానలో అక్కడెవరుంటారు, ఈవిడని ఎలా దించుతాం అని నాకు భయం పట్టుకుంది.

వాన పలచబడింది. నీటి అంచున ఎడ్లబండి నిలబడి ఉంది. బండిలో పరుపు, దానిమీద టార్పాలిన్. మోకాళ్లలోతు నీళ్లలో ఎనిమిది మంది, ఆడా మగా, రెండు వరసలుగా నిలబడ్డారు. ఒతీలియాని ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి అందించుకున్నారు. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఆవిడ మేజోళ్లు తడవలేదు.

"ఇటే వస్తామని మీకెలా తెలిసింది?" అని ఎడ్లను పట్టుకున్నావిడని అడిగాను.

"ఉత్తరపు గాలికి ఇంకెటొస్తాడమ్మా?" అంది, నా వంక జాలిగా చూస్తూ.

గాలి, పోటు, ఎవరింట్లో ఎడ్లున్నాయి, ఎవరు బరువెత్తగలరు, మేం రెండేళ్లు రాసినా పట్టుకోలేనిదంతా ఇక్కడ ఎన్నో తరాలుగా నడుస్తోంది. దీవులవాళ్లకి పదేళ్లు పడుతుందనుకున్నాం మేం. బండి గుట్టెక్కి కనుమరుగయ్యేదాకా ఆ రాళ్లమీదే నిలబడిపోయాను.

మర్నాడు రేడియో స్టేషన్‌కి వెళ్లాను. కబుర్లు చదివేది ఎదెల్మీరా. ఈ రెండేళ్లలో ఎవరినీ అడగని ప్రశ్న ఆవిడని అడిగాను: మీకు కష్టంగా ఉన్నదేమిటి?

"ఉన్నది ఒక్క ఫోను. ఆసుపత్రివాళ్లు చేస్తే ఎప్పుడూ ఖాళీ ఉండదు. ఆ కబుర్లు నాదాకా రావు."

వారంలో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఎవరైనా మెసేజ్ పంపితే ఆవిడ ముందున్న తెరమీద పడుతుంది, అంతే. మొదటిరోజే అదీ తడబడింది. ఒకే పేరుగలవాళ్లు ఇద్దరున్నారు, కబురు ఎవరిదో తెలియలేదు. నేను తల దించుకున్నాను. ఎదెల్మీరా ఒక్క క్షణం ఆలోచించి, "చర్చి వెనకాల ఇల్లు" అని చీటీమీద రాసుకుంది.

"నీ మిషన్‌కెలా తెలుస్తుందే పిల్లా, నాకు తెలియడానికే ముప్పైయేళ్లు పట్టింది."

తెరమీద ప్రతి కబురు పక్కనా ఆవిడ రాసుకోవడానికి ఖాళీ పెట్టాను. నాలుగేళ్లుగా అది నడుస్తోంది.

ఒకరోజు నెల్సన్‌ని తీసుకెళ్లాను. ఎదెల్మీరా చదివినంతసేపూ అతను టోపీ తీసి చేత్తో పట్టుకుని, గోడవారన నిలబడి విన్నాడు.