సాంబ్రాణి పట్టిన ఏసీ

నేను ఒక ఏసీని. ఒకటిన్నర టన్ను. అది నా బరువు కాదు, నా చలవకి కట్టిన లెక్క. ఆ సంగతి తెలియక, నన్ను కొనడానికి వచ్చిన ధనరాజు మేష్టారు షాపువాణ్ణి "మా గోడ ఆగుతుందంటారా?" అని అడిగి నవ్వులపాలయ్యారు.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. నాకు రెండు ఒళ్లు. తెల్లటిది గదిలో గోడెక్కి చల్లగా ఊదుతుంది. రెండోది ఇంటి బయట ఎండలో నిలబడి, లోపలి వేడంతా మోసి పారబోస్తుంది. పేరంతా లోపలిదానిదీ, చాకిరీ అంతా బయటిదానిదీ. లారీలో కాకినాడ చేరి, మెయిన్ రోడ్డు షాపులో అద్దాల వెనక నాలుగు నెలలు కూర్చున్నాక మేష్టారి కంట్లో పడ్డాను.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మేష్టారుగా చేసి రిటైరైన మనిషి. భార్య పేరు వరహాలమ్మ. ధనం, వరహాలు ఆ ఇంట్లో పేర్లకే గానీ చేతికి దొరికేవి కావు. అలాంటాయన నన్నెందుకు కొన్నారంటే, కూతురు స్రవంతి మొదటి పురుటికి వచ్చింది. నడివేసవి, జగన్నాథపురంలో ఇల్లు, ఉప్పుటేరు మీంచి వచ్చే గాలి. ఒళ్లు తుడుచుకున్న తువ్వాలు మళ్లీ ఆరేది కాదు. దానికితోడు హైదరాబాదు నుంచి వియ్యపురాలు ఫోనులో, "మా కోడలికి ఏసీ లేకపోతే నిద్రపట్టదు వదినగారూ" అని మెత్తగా ఒక మాట అనేసింది. ఆ మెత్తటి మాట వరహాలమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

నన్ను కొనడం ఒక ఎత్తు, సాకడం ఒక ఎత్తు అని మేష్టారికి తర్వాత తెలిసింది. స్టెబిలైజరన్నారు, స్టాండన్నారు, రాగి గొట్టం చాలదు ఇంకో మూర కావాలన్నారు. "పావలా కోడికి ముప్పావలా మసాలా" అని గొణుక్కుంటూనే ఇచ్చారు. ఏడాదికి నాలుగుసార్లు శుభ్రం చేసే కాంట్రాక్టు రాసుకోమంటే మాత్రం, "కొత్తదానికి శుభ్రమేంటయ్యా" అని పంపించేశారు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడడమంటే ఇదే.

ఆడపిల్ల పుట్టింది. అక్కడితో నాకు కష్టాలు మొదలయ్యాయి.

ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి, పిల్లని చూసి, తర్వాత నన్ను చూసి గుండెల మీద చేతులు వేసుకున్నారు. "పచ్చి బాలింతకి చల్లగాలేంటమ్మా వరాలూ! రేపు కీళ్లు పట్టేస్తే ఎవరు జవాబు?" అన్నారు. వరహాలమ్మ ఇరుకున పడింది. నన్ను ఆపితే వియ్యపురాలి మాట, నడిపితే ఊరి మాట. పాపం, ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. నన్ను నడుపుతుంది. నా చలవకి విరుగుడుగా పొద్దునా సాయంత్రం గదిలో సాంబ్రాణి వేస్తుంది. స్రవంతి చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి, పైన నేను. ఇంతలో మేష్టారు వచ్చి, "తలుపులు ముయ్యండర్రా, చల్లగాలి కాదు బయటికి పోయేది, కరెంటు" అని గట్టిగా బిగించి వెళ్లేవారు.

ఆ పొగ ఎక్కడికి పోతుంది? నా ముక్కులోకే. నేను గదిలో గాలి పీల్చి, చల్లబరిచి, మళ్లీ ఊదేవాణ్ణి కదా. లోపల జల్లెడ లాంటి వల ఒకటుంటుంది, దుమ్ము ఆపడానికి. నెల తిరక్కుండా అది నల్లటి జిగురుతో పూడుకుపోయింది. నాకు ఊపిరాడలేదు. గాలి ఆడక లోపలి గొట్టాల మీద మంచు కట్టింది. మంచు కరిగి నీళ్లు సరిగ్గా మేష్టారి బట్టతల మీద పడ్డాయి.

మెకానిక్ వీరబాబు వచ్చాడు. కింద నిలబడే నా వైపు ఒకసారి చూసి, "గ్యాసయిపోయిందండి మేష్టారూ" అన్నాడు.

"కొని మూణ్ణెల్లు కాలేదు కదయ్యా?"

"ఉప్పుగాలండి బాబూ. మన కాకినాడలో అంతేనండి. ఆయ్."

నా గ్యాసు వంటపొయ్యి గ్యాసు కాదు, మండి అయిపోవడానికి. గొట్టానికి చిల్లి పడితే తప్ప ఎటూ పోదు. ఈ మాట అరవాలనిపించింది, కానీ నా నోట్లోంచి గాలి తప్ప మాట రాదు, అప్పుడు ఆ గాలి కూడా రావడం లేదు. వీరబాబు గ్యాసు ఎక్కించాడు. ముందురోజు రాత్రంతా నన్ను ఆపి ఉంచారు కాబట్టి మంచు కరిగి, ఆ పొద్దున్న కాసేపు చల్లగా ఊదాను. "చూశారా, పట్టిందండి" అని డబ్బులు జేబులో వేసుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి మళ్లీ నీళ్లు. వారంలో రెండోసారీ గ్యాసు ఎక్కింది. మేష్టారి పింఛను ఆవిరైపోయిందిగానీ గది చల్లబడలేదు.

పిల్ల ఒళ్లంతా చెమటకాయలు లేచాయి. ఏడుపు, నిద్ర లేదు. వీడియో కాల్‌లో వియ్యపురాలు చూడనే చూసింది. "ఆదివారం మావాణ్ణి కారుతో పంపిస్తున్నాను వదినగారూ. ఇక్కడ మూడు గదుల్లోనూ ఏసీలే కదా" అంది.

ఐదో నెల వెళ్లేదాకా కూతురూ మనవరాలూ తన దగ్గరుంటారని వరహాలమ్మ ఆశ. అప్పటికి పిల్లకి రెండో నెల కూడా నిండలేదు. ఆమె ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు గోడ ఇవతల ఉన్న నాకు వినబడింది. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సిగ్గేసింది. ఏ పనికోసం తెచ్చారో ఆ పని చెయ్యలేక, ఆమెకి తల్లీబిడ్డలిద్దర్నీ దూరం చేస్తున్నాను.

శనివారం పొద్దున్న మేష్టారు మూడోసారి గ్యాసుకి వీరబాబుతో ఫోనులో బేరమాడుతున్నారు. వరహాలమ్మ కూతురికి కుంకుడు రసంతో తలంటి, పిల్లని ఎత్తుకుని గదిలోకి వచ్చి నా స్విచ్చి నొక్కింది. నేను శక్తికొద్దీ ఊదాను. గుర్రుమని శబ్దం తప్ప గాలి లేదు.

ఆమె ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది.

"ఇదేంటే స్రవంతీ, నేనింకా సాంబ్రాణి వెయ్యందే వాసనెక్కడిదీ?"

పిల్లని కూతురికిచ్చి, నన్ను ఆపి, స్టూలెక్కింది. బీరువా తలుపు తీసినట్టు నా మూత పైకెత్తి వల మీద వేలు పెట్టింది. వేలికి కాటుకంత నల్లగా అంటుకుంది. ఆ వేలునీ, కూతురి ఒళ్లో ఊపిరి గురగురమంటున్న పిల్లనీ మార్చి మార్చి చూసి అరిచింది.

"ఏవండీ! ఫోను పెట్టెయ్యండి! దీనికి గ్యాసూ కాదు, నా శ్రాద్ధమూ కాదు. ముక్కు దిబ్బడేసిందండీ!"

"మిషనుకి ముక్కేంటే?"

"పసిపిల్లకి రొంప పట్టేస్తే ఎలా గురగురలాడుద్దో ఇదీ అలాగే ఆడతంది. నేనేసిన సాంబ్రాణంతా ఇదే తాగిందండీ బాబూ!"

గిన్నెలో మిగిలిన కుంకుడు రసం ఉంది. బాలింతకి అయిన తలంటు నాకూ అయింది. వల కడిగి నీడన ఆరేసింది. లోపలి రేకుల్ని మెత్తటి బ్రష్షుతో, పెళ్లికూతురికి నలుగు పెట్టినంత ఓపికగా తుడిచింది. మళ్లీ నొక్కేసరికి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎంతకాలానికి! గదిలో కాలెండరు రెపరెపలాడింది. పిల్ల ఏడుపు ఆపి, నోరు తెరుచుకుని నిద్రపోయింది. మేష్టారు ఫోనులో, "నీ గ్యాసు నీ దగ్గరే ఉంచుకో వీరబాబూ" అన్నారు, ఉద్యోగంలో ఉన్నప్పటి గొంతుతో.

మర్నాడు అల్లుడు వచ్చాడు. పనసపొట్టు కూరతో భోంచేసి, బయల్దేరేముందు కాసేపని నా కింద నడుం వాల్చి, దీపాలవేళకి లేచాడు.

"అత్తయ్యగారూ, దుప్పటేమైనా ఉందాండీ?"

ఆ ఒక్క మాటకి వరహాలమ్మ ముఖం వెలిగిపోయింది. అల్లుడు వాళ్లమ్మకి ఫోను చేసి, "ఇక్కడ మనింట్లోకంటే చల్లగా ఉందమ్మా, ఐదో నెల వెళ్లాకే తెచ్చుకుందాం" అన్నాడు. ఖాళీ కారు తోలుకుంటూ ఒక్కడే వెళ్లాడు.

ఆ రాత్రి ఆమె పిల్లకి ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసి, అదే చేత్తో నా చుట్టూ కూడా తిప్పబోయింది. "ఉప్పు దూరంగా పెట్టవే, తుప్పు పడుతుంది!" అన్నారు మేష్టారు. అప్పట్నుంచి సాంబ్రాణి వసారాలోకి మారింది, నా వల పదిహేను రోజులకోసారి పెరట్లో కుళాయి కిందికి చేరింది. మేష్టారు ఆ పనికి విజిలు ఊదుకుంటూ వెళ్లేవారు.

నా మటుకు నేను ఆ ఇంట్లో చాలా వేసవులు పనిచేశాను. చివరికి ఉప్పుగాలే గెలిచింది. బయటి ఒంటికి తుప్పు పట్టి, గొట్టానికి ఈసారి నిజంగానే చిల్లి పడింది. పాత ఇనుము కొట్టుకి చేరాను. మొన్న అక్కడ పనిచేసే మంగతాయారు నా లోపలి రాగి కోసం రేకులు విరుస్తూ ఠక్కున ఆగింది. వాసన చూసి, చుట్టూ చూసి, పక్కనున్న ఆమెని అడిగింది.

"ఏమ్మా, ఈ దగ్గర్లో ఎవరింట్లోనైనా పసిబిడ్డుందా? ఇప్పుడే నీళ్లు పోసినట్టున్నారు."