చంక దగ్గర బిగుతు

వీధిలో అందరికీ ఆమె కత్తెర వదినే. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. కుట్టుదుకాణంలో కత్తిరింపు ఆమెది, మిషను ఆడపడుచుది. కొలతలు టేపుతో తీసుకున్నా, మెడ గుండ్రం, చంక గుండ్రం మాత్రం కంటి అంచనాతో సుద్దముక్కతో గీసేసేది. అట్టముక్క నమూనాలు పెట్టుకుని కత్తిరించేవాళ్ళంటే ఆమెకు చిన్నచూపు. గీత రానివాళ్ళకే అట్టలని తేల్చేసేది.

ఇది పార్కిన్సన్స్, వణుకుడు జబ్బు అని డాక్టరు చెప్పినప్పుడు ఆమె అడిగిన మొదటి మాట మందుల గురించి కాదు, కత్తెర గురించి. పట్టుకోవచ్చా, మానెయ్యాలా అంది. నిక్షేపంగా పట్టుకోమన్నాడాయన. మందు ఎంత ముఖ్యమో ఒళ్ళు కదిలించడమూ అంతే ముఖ్యమన్నాడు. ఖాళీగా కూర్చుంటే ఆమె కుడిచెయ్యి వణికేది. సుద్ద పట్టుకోగానే వణుకు సద్దుమణిగేది. వణుకు ఆగిందంటే చెయ్యి బాగున్నట్టేనని ఆమె ధీమా.

ఇంట్లో తక్కినవాళ్ళు మంచినీళ్ళ గ్లాసు కూడా నోటిదాకా తెచ్చేవారు. ఆడపడుచు మాత్రం ఏదీ అందించేది కాదు. వదిన బొత్తాలతో తంటాలు పడుతుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడి, పెళ్ళికూతురు ఇంకా తెమలలేదా అని అడిగేది. వదినకు ఒళ్ళు మండేది. ఆ మంటలో బొత్తాం ఠక్కున కాజాలో పడేది.

వ్యాయామం నేర్పే అమ్మాయి దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. ఈ జబ్బులో కదలికలు మనకు తెలియకుండానే కుంచించుకుపోతాయని ఆ అమ్మాయి చెప్పింది. మనకు మామూలుగా అనిపించేది నిజానికి చిన్నదట. అందుకని అతి చేస్తున్నామేమో అనిపించేంత పెద్దగా అడుగు వెయ్యాలి, చెయ్యి ఊపాలి, గొంతెత్తాలి. వదిన పట్టుదల మనిషి. పొద్దున్నే వీధిలో చేతులు బారలు చాపి ఊపుతూ నడిచేది. ఆడపడుచు నాలుగడుగులు ముందు నడుస్తూ, సిపాయిగారొస్తున్నారు తప్పుకోండని కనిపించినవాళ్ళకల్లా చెప్పేది.

అంతా సవ్యంగానే ఉందనుకుంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పక్కనున్న బేకరీ ఆవిడ కొత్త గౌను చేత్తో పట్టుకుని వచ్చింది. బొద్దుగా ఉండే మనిషి, బుగ్గలు లోపలికి పోయాయి.

"నా బన్ను నేను ముట్టి నెలవుతోంది వదినా. అయినా చంక దగ్గర బిగుతే," అంది దీనంగా.

బన్ను మానెయ్యమని ఎవరు చెప్పారని వదిన అడిగింది. బేకరీ ఆవిడ మిషను వైపు చూసింది. ఆడపడుచు తల వంచుకుని, దారం ఎక్కించి ఉన్న సూదికే మళ్ళీ దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

కూపీ లాగితే అంతా బయటపడింది. చంక దగ్గర పట్టేస్తోందని వచ్చిన ప్రతివాళ్ళకీ ఆడపడుచు చెప్పిన మాట ఒకటే: మీకు ఒళ్ళొచ్చింది. వాళ్ళు సిగ్గుపడి వెళ్ళిపోయాక కుట్లు విప్పి, లోపల మిగులు గుడ్డ ఉన్న మేరకు వదులు చేసేది. పోస్టుమాస్టరుగారి భార్య మేడమెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళ నొప్పులు తెచ్చుకుంది. పళ్ళడాక్టరు రాత్రి భోజనం మానేశాడు. వీధి వీధంతా ఒళ్ళు తగ్గించే పనిలో పడితే, బేకరీలో బన్నులు మిగిలిపోతున్నాయి.

వదిన బేకరీ ఆవిడను ఇంటికి పంపి, ఒంటి మీదున్న పాత గౌను మార్చుకుని తెమ్మంది. జబ్బుకు ముందు తాను కత్తిరించినదే. దాని మీద కొత్తదాన్ని పరిచింది. అదే గుండ్రం, అదే ఒంపు. కాకపోతే పాతదాని చంక గుండ్రం లోపల కొత్తదాని గుండ్రం ఒదిగి కూర్చుంది. గీత వణికి వంకర పోయుంటే ఎప్పుడో పట్టుకునేది. చెయ్యి మాత్రం చక్కగా, నమ్మకంగా, చిన్నగా గీసుకుంటూ పోయింది.

కత్తెర తీసి ఆడపడుచు ముందు పెట్టింది. "రేపట్నుంచి నువ్వే కత్తిరించు."

"నేను కత్తిరిస్తే ఈ వీధిలో ఎవరి చెయ్యీ పైకి లేవదు వదినా."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఇదిగో, ఇదే చేస్తావని."

ఆ గొంతులో వేళాకోళం లేకపోవడం వదినకు వింతగా అనిపించింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. ఆడపడుచు కత్తెరను తిరిగి బల్ల మీదికి నెట్టింది.

"వీధిలో ఆ చెయ్యి అంత బారున ఊపుతావు కదా. కొట్లోకి వచ్చేటప్పుడు దాన్ని ఎవరింట్లో వదిలేసొస్తావు?"

వదినకు చురుక్కుమంది. ఎప్పుడూ స్టూలు మీద కూర్చుని, మణికట్టు తిప్పి గీసే మనిషి. స్టూలు కాలితో పక్కకు నెట్టి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. బల్ల మీద పాత కాగితం పరిచి, భుజం నుంచి చెయ్యంతా కదిపి గీసింది. ఏనుగుకు గౌను కుడుతున్నట్టు అనిపించింది. పాత గౌను దాని మీద పెడితే, గీసిన గుండ్రం గౌను అంచుకు వెళ్ళి తాకింది. ఒక్కచోట మాత్రం కాస్త బయటికి పోయింది. వదిన ఆ ఒక్కచోటు వైపే గుర్రుగా చూసింది.

తర్వాత, ఎవరూ చెప్పకుండానే, పాత గౌను కొలతకు ఒక అట్ట కత్తిరించింది. గీసిన ప్రతి గీతనూ దానితో సరిచూసుకోవడానికి.

"గీత రానివాళ్ళకే అట్టలని ఎవరో అనేవారు," అంది ఆడపడుచు.

"నోరు మూసుకుని ఆ చివర పట్టుకో."

ఆ పని అయ్యాక వదిన గుమ్మంలోకి వెళ్ళి, వ్యాయామం అమ్మాయి నేర్పిన గొంతుతో, ఎవరికీ ఒళ్ళు రాలేదని, తన చెయ్యే చిన్నదైందని, బట్టలన్నీ తెచ్చి ఇస్తే సరిచేస్తానని చెప్పింది. వీధి చివరనున్న పళ్ళడాక్టరు కూడా కిటికీ తీసి విన్నాడు. ఆడపడుచు వెనకనుంచి చెంగు లాగుతున్నా ఆగలేదు.

అట్టతో సరిచూసి మళ్ళీ కత్తిరించిన గౌను తొడుక్కుని బేకరీ ఆవిడ, వదినా ఆడపడుచూ చూస్తుండగా, రెండు చేతులూ పైకెత్తి తన కొట్లో పై అరలో ఉన్న బన్నుల పళ్ళెం దింపింది. చంక దగ్గర ఎలా ఉందని వదిన అడిగింది.

"కొంచెం వదులుగా ఉంది వదినా."

వదిన మొహం చిన్నబోయింది. వెంటనే టేపు కోసం ఆడపడుచు వైపు చెయ్యి చాపింది. బేకరీ ఆవిడ ఆ చేతిలో టేపుకు బదులు బన్ను పెట్టి, తనూ ఒకటి తీసుకుంది.

"ఉండనీ. నెల తిరక్కుండా నింపేస్తాను."