రెండుసార్లు కాగిన తప్పెట

“దారిలో వాన పట్టుకుంటే తోలు మెత్తబడతాది పాపా. ఆ కాలేజీలో నిప్పు యాడుంటాది నీకు?” అన్నాను.

అప్పటికి ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు. మంజుశ్రీ తప్పెటను పాత దుప్పట్లో చుట్టుకుంటూ నవ్వి ఊరుకుంది. గడపలో కూర్చున్న మా ఆయన హంపన్న మాత్రం ఊరుకోలేదు. “మీ అమ్మ మబ్బు కంటే ముందే ఉరుముతాది. నువ్వు పట్టించుకోకుండా సుమ్నె పోమ్మా” అన్నాడు.

ఆయన రానన్నాడు. తాను ఎదురుగా ఉంటే దాని చెయ్యి తన మొహం చూసి ఆడుతుందట. కూతురి మొదటి పెద్ద ప్రోగ్రామ్‌కు పోకుండా ఇంట్లో కూర్చునే తండ్రి ఎక్కడైనా ఉంటాడా అని నేను చానా అన్నాను. ఇద్దరం పోకపోతే దానికి దిక్కెవరని నేనే బయల్దేరాను.

మా కప్పగల్లులో పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ తప్పెట కొట్టేది మా ఆయన వంశమే. మాకు మగపిల్లలు లేరు. మంజుశ్రీకి ఏడేళ్లప్పుడు ఆయన దాని భుజానికి చిన్న తప్పెట తగిలించి పక్కన నిలబెట్టుకున్నాడు. గుండంలో పడుతుందని, జనం దిష్టి తగులుతుందని, రేపు చావులకూ పిలుస్తారని, తప్పెట కొట్టే పిల్లను ఎవరు చేసుకుంటారని నేను ఏడ్చాను. అది గుండంలో పడలేదు, జ్వరం కూడా రాలేదు. ఏటేటా దాని చెయ్యి మాత్రం పెరిగింది. ఆయన భుజం పడిపోయాక రెండేళ్లుగా పండగంతా అదే నడిపింది.

ప్రశాంత్ దాన్ని చూసింది అక్కడే. టౌనులో సత్యనారాయణపేటలో వాళ్లకు లారీలున్నాయి. ఆ అబ్బాయి గిటారు వాయిస్తాడు, ముగ్గురు స్నేహితులతో బ్యాండు పెట్టుకున్నాడు. మంజుశ్రీని బ్యాండులోకి పంపమని మా ఇంటికి మూడుసార్లు వచ్చి అడిగాడు. నెల రోజులు నేను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక ఆరు నెలలు ప్రతి ఆదివారం వాళ్లు లారీ షెడ్డులో ప్రాక్టీసు చేస్తుంటే బయట పాత టైరు మీద కూర్చుని కాపలా కాశాను. ఆ పిల్లలు నాకు టీ తెచ్చి ఇచ్చేవాళ్లు. ఒక్కరూ ఒక్క తప్పు మాట అనలేదు. అయినా నా గుండె కుదురుకోలేదు.

ఆ రోజు ప్రోగ్రామ్ సంగతి ప్రశాంత్ ముందే దాచకుండా చెప్పాడు. ఒకటో తారీకు నుంచి బ్యాండు పది ఊర్లు తిరుగుతుంది. వ్యానులో చోటు ఐదుగురికే. కాలేజీలో తప్పెట నిలబడితే ఐదో మనిషి మంజుశ్రీ. నిలబడకపోతే దావణగెరె నుంచి ఒక అబ్బాయి కరెంటు డ్రమ్ము తీసుకుని వస్తాడు.

ఆటో బ్రూస్‌పేట దాటేసరికి వాన పట్టుకుంది. ఆటో పక్కల నుంచి జల్లు కొట్టి దుప్పటి తడిసింది. నేను చెప్పలేదా అన్నట్టు చూశాను. మంజుశ్రీ తప్పెటను ఒళ్లోకి లాక్కుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

కాలేజీకి చేరేసరికి వాన తగ్గింది. స్టేజీ వెనక దానికి కుర్చీ చూపించారు. మళ్లీ వాన వస్తే కప్పడానికి ప్లాస్టిక్ పట్ట ఏదైనా దొరుకుతుందేమో అని నేను వంటవాళ్ల వైపు పోయాను. నేను లేని ఆ కాసేపట్లో నా కూతురు తప్పెటను పెద్ద ఫోకస్ లైటు ముందు పట్టి, చక్కగా కాచి, మళ్లీ దుప్పటి లోపలి పొడి మడతల్లో చుట్టి పెట్టింది. ఇది నాకు అప్పుడు తెలియదు.

నేను వచ్చేసరికి మంజుశ్రీ స్టేజీ మీద మైకు సర్దుకుంటూ నిలబడి ఉంది. దుప్పటి ముట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది. తప్పెట తీసి వేలితో కొట్టి చూశాను. పైన బ్యాండు కుర్రాడు కొట్రేశ్ తన డ్రమ్ములు వాయిస్తున్నాడు, స్పీకర్లకు నేల అదురుతోంది. ఎంత కొట్టినా నా వేలి కింద శబ్దమే వినపడలేదు. తోలు మెత్తబడిపోయింది అనుకున్నాను. ఇంకో పది నిమిషాల్లో నా కూతురు నాలుగు వందల మంది ముందు మూగ తప్పెట పట్టుకుని నిలబడబోతుంది అనుకున్నాను.

జనరేటరు పక్కన డీజిలుంటుందని దూరంగా గోడ చాటుకు పోయాను. టిఫిన్ల పేపరు ప్లేట్లు కుప్ప చేసి అంటించాను. ఇరవై ఏళ్లుగా ఆయనకు జొన్న దంటు తెచ్చి మంట వేసింది నేనే. తప్పెట ఎంత ఎత్తులో పట్టాలో చూశాను, ఎట్లా తిప్పాలో చూశాను. ఎప్పుడు ఆపాలన్నది మాత్రం ఆయన వేలితో కొట్టి వినేవాడు. నేనూ కొట్టాను. ఏమీ వినపడలేదు. ఇంకా కాచాను. ఇంకొంచెం కాచాను.

చినిగిన చప్పుడు కూడా నాకు వినపడలేదు. చేతుల్లో ఏదో తెగినట్టు ఒక్కసారి అదిరింది, అంతే. నడిమి నుంచి అంచు దాకా జానెడు నోరు తెరుచుకుంది.

తలెత్తితే మంజుశ్రీ ఉంది. మంట చూసి వచ్చింది. తప్పెట నా చేతిలోంచి తీసుకుని, చినుగు పొడుగునా వేలు పెట్టి చూసింది. వెనకాలే ప్రశాంత్ వచ్చి ఏమైందని అడిగాడు. నేను నోరు తెరిచాను.

“చినిగింది” అంది మంజుశ్రీ నాకంటే ముందు. “కొట్రేశ్‌ను పెద్ద డ్రమ్ము ఒకటి ఇయ్యమను.”

ఎవరు చించారో చెప్పలేదు. నా వైపు చూడలేదు.

నేను ముందు వరసకు పోలేక పక్కన స్తంభం దగ్గర నిలబడ్డాను. తప్పెటకు కుడి చేతిలో పొట్టి కర్ర, ఎడమ చేతిలో సన్నటి వెదురు పుల్ల పట్టుకుంటారు. ఆ పుల్ల ప్లాస్టిక్ డ్రమ్ము మీద పలకలేదు. రెండు పాటలు దానితోనే యాతన పడింది. మూడో పాటకు పుల్ల పారేసి ఒట్టి అరచేత్తో కొట్టింది. నాలుగో పాటకు ఇంకేదో చేసింది. బాగుందో బాగాలేదో నాకు తెలియలేదు. నా ముందున్న పిల్లలు కొందరు చేతులెత్తి ఊగారు, కొందరు ఫోన్లు చూసుకున్నారు. ఎవరిని చూసి ధైర్యం తెచ్చుకోవాలో, ఎవరిని చూసి ఏడవాలో తోచలేదు. దాని అరచెయ్యి ఎర్రబడడం మాత్రం నేను నిలబడిన చోటికి కనిపించింది. నేను చేయగలిగింది ఏమీ లేదు. చేసింది చాలు.

అయిపోయాక వాళ్లు ఐదుగురూ వ్యాను దగ్గర మాట్లాడుకున్నారు. తప్పు నాదేనని చెబుదామని రెండు అడుగులు వేశాను. మంజుశ్రీ తల తిప్పి ఒక్క చూపు చూసింది. అక్కడే ఆగిపోయాను.

ఆటోలో చినిగిన తప్పెటను అది తన ఒళ్లోనే పెట్టుకుంది. ఇంట్లో మా ఆయన తప్పెట తీసుకుని, చినుగు అంచును వేలితో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తోలు పొడిపొడిగా రాలింది.

“కాగిందాన్నే మళ్లా కాచినారు. ఇది పాప చెయ్యి కాదు” అని నా మొహం చూశాడు. “నిన్నెవరు ముట్టుకోమన్న్యారే?”

అప్పుడు తెలిసింది నాకు.

నాలుగు రోజులు మంజుశ్రీ నాతో మాట్లాడలేదు. పెట్టింది తినేది. తండ్రితో కొత్త తోలు గురించి మాట్లాడేది, పక్కింటి నాగక్కతో నవ్వేది కూడా. ప్రశాంత్ ఫోను వస్తే వాకిట్లోకి పోయేది. తీసేశారేమో అనుకున్నాను. దావణగెరె అబ్బాయి వచ్చేశాడేమో అనుకున్నాను. మూడో రోజు అది కాలువ వైపు పోతుంటే దూకుతుందేమో అనుకున్నాను. చెప్పులు కూడా లేకుండా వెనకాలే పరుగెత్తాను. అది గట్టు మీద దుప్పటి ఉతికి, పిండి, నన్ను దాటుకుని ఇంటికి వచ్చింది. మా ఆయనను అడిగితే, “దాని నోరు దానికుండాది, దాన్నే అడుగు” అన్నాడు.

ఐదో రోజు పొద్దున తండ్రీ కూతుళ్లు వాకిట్లో నానిన తోలును తప్పెట చట్రానికి బిగిస్తున్నారు. నేను ఎదురుగా పోయి కూర్చున్నాను.

“తిట్టు, పడతా. కానీ వాళ్లు ఉంచుకున్న్యారా, తీసేసినారా? అదొక్కటి చెప్పు పాపా. నాకు నిద్ర లేదు.”

మంజుశ్రీ తోలు అంచు లాగి తండ్రి చేతికిచ్చింది. ఆయన ముడి వేశాడు. ఇంకో అంచు లాగింది. ఆయన ముడి వేశాడు. అట్లా చుట్టూ తిరిగి చివరి ముడి దాకా వచ్చారు. ఆయన లేచి తప్పెటను నీడకు తీసుకుపోయాడు. అది చేతులు కడుక్కుంది, లంగాకు తుడుచుకుంది, వచ్చి నా పక్కనే కూర్చుంది.

“ఉంచుకున్న్యారు. ఒకటో తారీకు పోతాండా” అంది. “నువ్వు మాత్రం రావద్దు మా.”