రెండో వైపు మధ్య భాగం

1974 నవంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం, టిప్టన్‌లోని మెల్విన్ ట్రాంటర్ ఇంట్లో, కోల్డ్ ఫర్నెస్ బృందం తన మూడో రికార్డు నమూనా ప్రతిని విన్నది. రెండో వైపు మధ్యలో మెల్విన్ వాయించిన డ్రమ్ములు తోక నుంచి తలకు మోగాయి.

గదిలో నలుగురు మగవాళ్లున్నారు. గిటారు వాయించి పాడే క్లైవ్ బిస్సెల్. ఆర్గన్ వాయించే డెస్మండ్ హింగ్లీ. రికార్డు తయారు చేసిన జెరల్డ్ పాస్క్. నాలుగోవాడు మెల్విన్. అతని కుడి చెయ్యి మోచేతి దాకా పట్టీలో ఉంది. మెల్విన్ భార్య మౌరీన్ టీ పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడింది.

"మెల్, ఇది నువ్వు వాయించింది కాదు," అంది.

"నాదే. తిరగేశారు," అన్నాడు మెల్విన్.

రికార్డు తిరుగుతూనే ఉంది. ఎవరూ లేచి ఆపలేదు.

రెండో వైపంతా ఒకే పాట. మొదట గిటారు, చివర మళ్లీ గిటారు, రెండూ ఇనుము మీద ఇనుము పడ్డట్టుంటాయి. మధ్యలో గిటారు ఆగి ఆర్గన్ ఒకే స్వరం పట్టుకుంటుంది. దాని మీద డ్రమ్ములు ఏడు లెక్కతో మొదలై, పదకొండుకు ఎక్కి, మళ్లీ ఏడుకు దిగుతాయి. ఆర్గన్ స్వరాన్ని ఎటు నుంచి విన్నా ఒకటే. లెక్క కూడా ఎటు నుంచైనా ఒకటే. తేడా దెబ్బలో తెలుస్తుంది. దెబ్బ ముందు పడాలి, మోత తర్వాత రావాలి. ఈ ప్రతిలో మోత ముందు ఉబ్బి, దెబ్బ దగ్గర తెగిపోతోంది.

మెల్విన్ పదిహేనో ఏట నుంచి గొలుసుల కార్ఖానాలో సుత్తి పట్టినవాడు. మణికట్టు ఎముకలు అక్కడే దెబ్బతిన్నాయి. వేసవిలో, వేల్స్‌లోని స్టూడియోలో, చెయ్యి మంచునీళ్ల బకెట్‌లో ముంచి తీసి, ముంచి తీసి ఈ భాగం వాయించాడు. ఒక్కసారే కుదిరింది. ఆ తర్వాత ఆసుపత్రిలో చేతికి ఆపరేషను చేశారు. ఇక డ్రమ్ముల జోలికి పోవద్దని డాక్టరు చెప్పాడు. జనవరిలో మొదలయ్యే పర్యటనకు కవెంట్రీ నుంచి కీత్ రడ్జ్ అనే అతన్ని అప్పటికే తీసుకున్నారు.

పాట అయిపోయాక క్లైవ్ జెరల్డ్ వైపు తిరిగాడు.

"అది నీ ఆలోచన కాదా? లండన్‌లో విన్నప్పుడు, అబ్బ, ఏం బుర్రరా వీడిది అనుకున్నాను."

"నా ఆలోచనేంటి? నువ్వే చెప్పి చేయించావనుకున్నా."

"నేనెప్పుడు చెప్పాను?"

"మీ సంగతి తెలియందేముంది? పోయినసారి పాట మధ్యలో లేత్ మిషను పెట్టించావు. అంతకు ముందు బొగ్గు బండి. డ్రమ్ములు వెనక్కి మోగితే నేనేం అడుగుతాను?"

జరిగింది ఇది. వేల్స్ స్టూడియోలో టేపు వాయించాక తిరిగి చుట్టరు. తోక, అంటే పాట చివరి కొస, పైకి ఉండేటట్టే డబ్బాలో పెట్టి, మీద ఆ మాట రాస్తారు. అలా ఉంచితే పొరలోని చప్పుడు పక్క పొరకు అంటినా పాటలో కలిసిపోతుంది. మధ్య భాగం డబ్బా మీద ఆ మాట రాయలేదు. లండన్‌లో జెరల్డ్ పైనున్న కొసను తల అనుకుని అతికించాడు. అప్పటికి అతను వారాల తరబడి స్టూడియో సోఫా మీదే పడుకుంటున్నాడు. అలా అతికించినదాన్ని క్లైవ్, డెస్మండ్ విన్నారు. మెల్విన్ ఆ రోజు ఆసుపత్రిలో ఉన్నాడు.

"సరే. తిప్పి అతికించండి," అన్నాడు మెల్విన్.

"ఫ్యాక్టరీలో అచ్చులు తయారైపోయాయి మెల్. మళ్లీ అచ్చు కొయ్యాలంటే వాళ్ల వరసలో మన వంతు పోతుంది. పర్యటనకు రికార్డు ఉండదు," అన్నాడు జెరల్డ్.

"దానికి తోడు ఇలాగే బాగుందిరా," అన్నాడు క్లైవ్. "నిజం చెప్తున్నా. తిన్నగా ఉంటే డ్రమ్ముల వాయింపు. ఇలా ఉంటే అదేంటో ఎవడికీ తెలీదు."

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే సరిపోతుందా?"

"చేతులెత్తండి," అన్నాడు మెల్విన్.

బృందం మొదలైనప్పటి నుంచి వాళ్లకొక కట్టుబాటుంది. రికార్డు మీద తగువొస్తే ముగ్గురూ చేతులెత్తాలి. ఎక్కువమంది మాట నెగ్గుతుంది. మెల్విన్ ఎడమ చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఒక్కటే. ఇలాగే ఉంచాలి అన్నప్పుడు క్లైవ్ ఎత్తాడు. డెస్మండ్ రెండుసార్లూ ఎత్తలేదు.

"డెస్, నిద్రపోతున్నావా?" అంది మౌరీన్.

"లేదమ్మా. మొన్నటి దాకా ఆ పాట కలలోకి వచ్చేది. ఇప్పుడు రావట్లేదు. తలకిందులుగా ఉన్నా ఫర్వాలేదు, మళ్లీ మాత్రం నన్ను వినమనకండి," అన్నాడు డెస్మండ్.

"అయితే చెరొకటి. ఎటూ తేలలేదు," అన్నాడు మెల్విన్.

క్లైవ్ నేల చూస్తూ అన్నాడు. "మెల్, నువ్వు ఇప్పుడు బృందంలో లేవు కదరా."

మౌరీన్ టీ కెటిల్ బల్ల మీద పెట్టి, పోయకుండానే వంటగదిలోకి వెళ్లిపోయింది. వచ్చినవాళ్లు టీ తాగకుండా వెళ్లారు.

జెరల్డ్ రెండు వారాల తర్వాత ఒక్కడే వచ్చాడు. చంకలో అట్ట పెట్టె ఉంది. అందులో లక్క పూత పూసిన రికార్డు పళ్లెం ఒకటి. అచ్చు తియ్యడానికి ముందు స్టూడియోలో కోసే రకం. మధ్య భాగాన్ని టేపు తిన్నగా తిప్పి దాని మీద కోశాడు.

"ఇదొక్కటే ఉంది. లక్క మెత్తన, ముల్లు పెట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. సింబల్ తాళాల చప్పుడు ముందు పోతుంది. పొదుపుగా విను," అన్నాడు.

"టేపు?"

"టేపు కంపెనీది, మెల్."

మెల్విన్ పళ్లేన్ని అద్దాల బీరువా మీద పెట్టాడు. క్రిస్మస్ దాకా ఒక్కసారి కూడా గ్రామఫోను మీద పెట్టలేదని మౌరీన్ పక్కింటావిడతో చెప్పింది. "పెడితే అరుగుతుందని పెట్టడు. దుమ్ము మాత్రం రోజూ తుడుస్తాడు. నన్ను తుడవనివ్వడు," అంది.

కొత్త సంవత్సరం వచ్చాక కీత్ రడ్జ్ టిప్టన్ వచ్చాడు. గుమ్మంలోనే టోపీ తీశాడు.

"అన్నా, ఆ మధ్య భాగం. రికార్డులో ఉన్నట్టే వాయించాలంటున్నాడు క్లైవ్. రెండు వారాలుగా కొడుతున్నాను. మోత ముందు, దెబ్బ తర్వాత ఎలా వస్తుంది? మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది."

"రాదు," అన్నాడు మెల్విన్.

"మరి నువ్వెలా వాయించావు?"

"వాళ్లు నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మెల్విన్ చెప్పాడు. కీత్ విని, సోఫాలో కూలబడి నవ్వాడు. మెల్విన్ నవ్వలేదు. బీరువా మీద నుంచి పళ్లెం తీసి, ఎడమ చేత్తో గ్రామఫోను మీద పెట్టాడు.

మొదటిసారి ఇద్దరూ ఊరికే విన్నారు. రెండోసారి కీత్ కర్రలు తీసి సోఫా చెయ్యి మీద కొట్టాడు.

"పదకొండులో తప్పావు. కాలి దెబ్బ ముందు పడకూడదు," అన్నాడు మెల్విన్.

"మళ్లీ పెట్టనా? అరిగిపోతుందేమో."

"పెట్టు."

కీత్ ఆ వారంలో మరి రెండుసార్లు వచ్చాడు. రెండో రాకకు సింబల్ చప్పుడు బొంగురుపోయింది. మూడో రాకకు చిన్న డ్రమ్ము కూడా పలచబడింది. మెల్విన్ సోఫా మీద ఎడమ చేత్తో కొట్టి, పోయిన చోట్లు చూపించాడు. మౌరీన్ వాళ్లకు బఠాణీలు, ఫాగట్లనే మాంసం ఉండలు పెట్టింది. వెళ్లేటప్పుడు కీత్ పళ్లేన్ని అట్ట పెట్టెలో పెట్టబోతే మెల్విన్ వద్దన్నాడు.

"ఇంక పెట్టె ఎందుకు? వదిలెయ్."

పర్యటన మొదటి ప్రదర్శన వుల్వర్‌హాంప్టన్‌లో జరిగింది. మెల్విన్, మౌరీన్ వెనక వరసలో నిలబడ్డారు. మధ్య భాగం వచ్చింది. ఆర్గన్ స్వరం పట్టుకుంది. కీత్ ఏడు లెక్కతో మొదలుపెట్టాడు. దెబ్బ ముందు పడింది, మోత తర్వాత వచ్చింది. క్లైవ్ గిటారు మెడలో వేలాడుతుండగా వెనక్కి తిరిగి కీత్‌ను చూశాడు. ఆపలేదు. డెస్మండ్ స్వరం మీద నుంచి వేలు తియ్యలేదు.

మెల్విన్ ముందున్న కుర్రాడు పక్కవాడితో, "తప్పు వాయిస్తున్నాడ్రా. రికార్డులో ఇలా లేదు," అన్నాడు.

"నోరు మూసుకుని విను నాయనా," అంది మౌరీన్.

ఊళ్లో సాయంకాలం పత్రిక, కొత్త డ్రమ్మరు మధ్య భాగాన్ని ఇంకా నేర్చుకోలేదని రాసింది.

తర్వాతి ప్రదర్శన స్టోక్‌లో. అక్కడ కూడా కీత్ దాన్ని తిన్నగానే వాయించాడు.